చక్రాల గుట్ట చుట్టూ కంచె

1978 జూన్‌లో నన్ను భూగర్భ శాఖ అనంతపురం జిల్లా కార్యాలయానికి అసిస్టెంట్ జియాలజిస్టుగా వేశారు. సొంత జిల్లాకే పోస్టింగు వచ్చిందని ధర్మవరంలో మా నాయన సంతోషించాడు. ఆయన పట్టుచీరలు నేసే మనిషి. నా చదువేమిటో ఆయనకు చివరిదాకా అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే "మావోడు రాళ్ళ డాక్టరు" అని చెప్పి ఊరుకునేవాడు.

జిల్లా జనం దృష్టిలో మాత్రం జియాలజిస్టంటే ఒకటే అర్థం: బోరు ఎక్కడ వేయాలో చూపించేవాడు. గార్లదిన్నె వైపు వెళ్ళినా, శింగనమల వైపు వెళ్ళినా, జీపు దిగకముందే రైతులు చుట్టూ మూగేవాళ్ళు. "ఈడ నీళ్ళు పడతాయా సార్?" అన్న ప్రశ్న తప్ప మరొకటి వినలేదు. మా పరికరం భూమిలోకి విద్యుత్తు పంపి లోపలి పొరల సంగతి చెబుతుంది. అది చెప్పిన చోట నీళ్ళు పడితే దేవుడి దయ, పడకపోతే నా తప్పు. ఏడాది తిరిగేసరికి నాకు ఆ లెక్క అలవాటైపోయింది.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. కరువు పనులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో కరువు పని అంటే చాలావరకు కంకర కొట్టడమే. గుట్టను పగలగొట్టి, రాళ్ళను గుప్పిటలో పట్టేంత ముక్కలు చేసి, వేయబోయే రోడ్డు పక్కన కుప్పలు పోయాలి. కూలిలో కొంత గింజల రూపంలో ఇచ్చేవారు. ఏ గుట్టనైనా కొత్తగా తెరిచేముందు ఇంజనీర్లు మా శాఖ అభిప్రాయం అడగాలి. ఆ రాయి రోడ్డుకు పనికొస్తుందో లేదో మేం చెప్పాలి. పది నిమిషాల పని. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి చూసి, అరపేజీ రాసి పంపేవాళ్ళం.

ఆ అరపేజీ రాయడానికే నేను తాడిపత్రికి తూర్పున ఉన్న ఎర్రవంకపల్లెకు వెళ్ళాను. ఊరికి అవతల ఒక బూడిదరంగు గుట్ట ఉంది. దాని నెత్తి చదునుగా ఉండేది. ఆ చదును నిండా వలయాలు, వలయంలో వలయం, దాంట్లో ఇంకొకటి. కొన్ని పళ్ళెమంత, కొన్ని బండిచక్రమంత. అందుకే దానికి చక్రాల గుట్ట అని పేరు. దేవుడి రథం తిరిగిన జాడలని ఊరివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. గుట్ట పక్కగా ఒక వంక కోసుకుంటూ పోయింది. వానాకాలంలో తప్ప దానిలో తడి ఉండదు. ఆ కోతలోకి దిగి చూస్తే పైన కనిపించిన వలయాల అసలు రూపం తెలిసింది. దోసెలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద గుప్పిట పెట్టి పైకి నెట్టినట్టుగా పొరలు పొరలుగా బుడిపెలు. బుడిపె మీద బుడిపె పుట్టి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, గుట్ట మొత్తం అవే.

నేను వంకలోనే కూర్చుండిపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ కోసం మమ్మల్ని తమిళనాడు దక్షిణ తీరానికి తీసుకెళ్ళారు. అక్కడ సముద్రం ఆటుకు వెనక్కి తగ్గినప్పుడు బతికున్న పగడపు దిబ్బ బయటపడడం చూశాను. గోరంత పురుగులు సున్నపు గూళ్ళు కట్టుకుని, గూటి మీద గూడుగా సముద్రంలో గోడ లేపుతాయి. ఆ గోడ వెనకనే చేప గుడ్లు పెడుతుంది, ఆ గోడే తుపానులో ఒడ్డుని కాస్తుంది. మనిషి ఆయుష్షంతా ఎదిగినా ఒక బుడిపె మూరెడు పెరిగితే గొప్ప. మేం చూస్తూండగానే కొందరు గడ్డపారలతో దాన్ని పెకలించి పడవల్లో వేసుకున్నారు. సున్నపు బట్టీలకట. వాళ్ళను ఆపే చట్టం అప్పటికి అక్కడ ఎవరికీ తెలియదు.

చక్రాల గుట్ట కూడా అలాంటి సముద్రపు దిబ్బే. కాకపోతే చచ్చి వందకోట్ల ఏళ్ళు దాటింది. కట్టిన జీవులు వేరు. పగడపు పురుగు పుట్టకముందు, చేప పుట్టకముందు, నేల మీద గడ్డిపోచయినా మొలవకముందు, ఈ సీమ అంచున లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున కంటికి కనపడని జీవులు నాచులా, జిగట చాపలా పరుచుకుని, కెరటం తెచ్చిన సున్నపు నలుసులను పట్టుకుని పొర వేసేవి. ఆ పొర కప్పుకుపోతే పైకి పాకి ఇంకో పొర. గాలిలో మనం పీల్చే ప్రాణవాయువును మొదట పోగుచేసినవి అలాంటివే. ఈ రాయి కడప వైపు ఇంకా చాలాచోట్ల ఉంది, కానీ ముక్కలుగా. ఇక్కడ ఆ వంక పుణ్యాన దిబ్బ మొత్తం నిలువునా కోసి చూపినట్టుంది. కెరటాలు తగిలిన వైపు, శిఖరం, వెనక నీళ్ళు నిలిచిన వైపు, మూడూ ఒకే వరసలో ఉన్నాయి. నా సర్వీసులో అలాంటిది మరొకటి చూడలేదు.

అరపేజీకి బదులు పదకొండు పేజీలు రాశాను. ఈ గుట్టను తెరవవద్దని, రక్షిత స్థలంగా ప్రకటించాలని సిఫారసు చేశాను. కంకర సంగతి కూడా వదల్లేదు. అక్కడికి కొంచెం ఉత్తరాన నల్లగుండు అనే మరో గుట్ట ఉంది. భూమి లోపలినుంచి కరిగి వచ్చి గడ్డకట్టిన నల్లరాయి. రోడ్డుకు చక్రాల గుట్ట సున్నపురాయి కన్నా అదే మేలు. కాకపోతే పగలడం కష్టం.

మా డిప్యూటీ డైరెక్టరు గారు కోస్తా మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు. నా రిపోర్టు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "బాగా రాశావయ్యా. కరువులో మనుషుల్ని కాపాడమని రాసినవాళ్ళని చూశాను, పశువుల్ని కాపాడమన్నవాళ్ళని చూశాను. రాయిని కాపాడమన్నవాణ్ణి నిన్నే చూడ్డం" అన్నారు. అయినా తన సిఫారసు జతచేసి హైదరాబాదుకు పంపారు. ఆయన చేయగలిగింది అంతే, ఆయన అంతా చేశారు.

నిజమైన పరీక్ష ఊళ్ళో ఎదురైంది. అక్కడి కూలీల జట్టుకు నాగమ్మ మేస్త్రీ. నలభై దాటిన మనిషి, మొగుడు పోయాడు, ఒక కొడుకు. ఆమె మాటంటే ఎర్రవంకపల్లె కూలీలందరికీ గురి. గుట్ట తెరవరని తెలిసి నన్ను వెతుక్కుంటూ వంక దగ్గరికే వచ్చింది.

"రాయికి పానముండాదా సారూ?" అని అడిగింది.

"ఒకప్పుడు ఉన్నిందమ్మా" అన్నాను.

"మాకు ఇప్పుడుండాది. అది పోకుండా ఏం జేస్తావో సెప్పు."

ఎగతాళిగా అడగలేదు. జవాబు కోసమే అడిగింది. నేను వంకలోకి దింపి బుడిపెలు చూపించి, ఇక్కడ సముద్రం ఉండేదని చెప్పాను. ఆమె పడీపడీ నవ్వింది. "తాగేదానికి సుక్క లేదు, సముద్రమంట!" అంది. నవ్వు ఆగాక మాత్రం ఒక బుడిపె మీద చెయ్యి వేసి, పొరల మీద ఒక్కొక్కటిగా వేలు జరిపింది. "నల్లగుండు రాయి మా సేతులు తింటాది. కొలత తగ్గిస్తామంటే ఆడికే పోతాం" అంది చివరికి.

ఇంజనీర్లలో ఆ రోడ్డు పని చూసే జూనియర్ ఇంజనీరుతో మాట్లాడాను. కుర్రవాడు, మంచివాడు. గట్టిరాయి కనుక రోజుకు కొట్టవలసిన కొలత తగ్గించడానికి ఒప్పుకున్నాడు. పని నల్లగుండు దగ్గర మొదలైంది. ఆ రాయి మీద సుత్తి పడితే నిప్పురవ్వలు లేచేవి. కూలీలు పాత సైకిలు ట్యూబులు కోసి అరచేతులకు చుట్టుకున్నారు. అయినా ఎవరూ గొణగలేదు. ఒకసారి పక్క ఊరివాళ్ళు రాళ్ళకోసం చక్రాల గుట్టకు ట్రాక్టరు తోలుకొస్తే నాగమ్మ జట్టే వెళ్ళి వెనక్కి పంపింది. "అది సారు సముద్రం, ముట్టుకోగూడదు" అని చెప్పారట. ఆ మాట విని నేను కార్యాలయంలో అందరికీ చెప్పుకుని మురిశాను.

కంకర తోలే ట్రాక్టర్లు మాజీ సర్పంచి రామలింగారెడ్డివి. నల్లగుండుకు దారి సరిగా లేదు, చక్రాల గుట్ట బండ్లబాట పక్కనే ఉంది. పైగా కరువు పని పేరుతో ఒకసారి గుట్ట తెరుచుకుంటే ఆ తరవాత దాన్ని లీజుకు తీసుకుని బండలు కోయించాలని ఆయన ఆలోచన. ఒకరోజు తాడిపత్రి బస్టాండులో నన్ను పట్టుకుని కాఫీ తాగించాడు. "ఏమప్పా, నువ్వు మన జిల్లావోడివే గదా. కోస్తా ఆఫీసర్లు మన కడుపు కొట్టినారంటే అర్థముండాది. నువ్వు గూడా కొడితే ఎట్లప్పా?" అన్నాడు. గొంతు పెంచలేదు. భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు.

నెల తిరక్కుండా జూనియర్ ఇంజనీరుకు పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. మంజూరైన అంచనాలో కంకర వనరుగా చక్రాల గుట్ట పేరే ఉంది. ఎవరి అనుమతితో నల్లగుండు తెరిచారు? ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో అందరికీ తెలుసు. నియమం ప్రకారం వనరు మారిస్తే సవరించిన అంచనాకు మళ్ళీ మంజూరు తెచ్చుకోవాలి. జూనియర్ ఇంజనీరు అది పంపాడు గాని, మంజూరు రాకముందే పని మొదలుపెట్టాడు. ఆకలి ఆగదు కదా అని. నల్లగుండు పని నిలిపేశారు. ఆ కుర్రవాడికి మెమో ఇచ్చారు. చక్రాల గుట్ట దగ్గరైతే పని వెంటనే మొదలుపెట్టవచ్చన్నారు, దానికి మంజూరు ఉంది కనుక. నా సిఫారసు ఇంకా సిఫారసే, ఉత్తర్వు కాదు.

నేను ఇంజనీరింగు కార్యాలయానికి, కలెక్టరు కార్యాలయానికి తిరిగాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. సవరించిన అంచనా "పరిశీలనలో" ఉందన్నారు. ఎప్పుడు తేలుతుందంటే తల అడ్డంగా ఊపారు.

ఈలోగా ఎర్రవంకపల్లెలో పొయ్యిలు ఆరిపోయాయి. కొందరు మూటలు కట్టుకుని బెంగళూరు దారి పట్టారు. నాగమ్మ మరో ఇద్దరు ఆడవాళ్ళతో బస్సెక్కి అనంతపురం వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సారూ, నల్లగుండు కాడ పని ఆపేసినారు. సక్రాల గుట్ట కాడికి రమ్మంటాండారు. నీకు మాటిచ్చినాం, నువ్వు వద్దంటే పోము. పోకుంటే ఏం తినాల్నో అదీ నువ్వే సెప్పు."

ఆమె వెనకున్న ఆడమనిషి చంకలోని బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుగా ఉంది. ఇంకో వారం ఆగమని చెప్పవచ్చు. వారానికి తేలుతుందని నాకే నమ్మకం లేదు. "పోండమ్మా, కొట్టుకోండి" అన్నాను. "వంక పక్క మాత్రం కడాకు పెట్టుకోండి. అప్పటికి ఉత్తర్వేదైనా వస్తే అది మిగులుతాది." నాగమ్మ తల ఊపింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నువ్వు గూడా ఏం జేస్తావులే" అంది. ఓదార్పు అనుకోవాలో, తీర్పు అనుకోవాలో నాకు అప్పుడు తెలియలేదు.

వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. గుట్టను వెనకవైపు నుంచి కొట్టుకుంటూ వచ్చారు. వంక పక్కను తాకలేదు. దాన్ని తాకింది రామలింగారెడ్డి. కూలీలు సుత్తితో కొట్టేది ట్రాక్టర్లకు చాలడం లేదని చెప్పి, తాడిపత్రి నుంచి మందుపెట్టి పేల్చేవాళ్ళను తెచ్చాడు. వంక కోసిన వైపు రాయి నిలువుగా ఉంటుంది, ఒక్క దెబ్బకు ఎక్కువ కూలుతుంది. జూనియర్ ఇంజనీరు కబురు పెడితే నేను ఉదయం బస్సుకు వెళ్ళాను. అప్పటికే గుంతలు తొలిచి మందు కూరుతున్నారు.

ఆపమన్నాను. మందు కూరే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, ఆర్డరుందా సార్ అని అడిగాడు. లేదు. కరువు పని కింద తెరిచిన గుట్ట రెవెన్యూ వాళ్ళ అదుపులో ఉంటుంది, మా శాఖకు అక్కడ సలహా చెప్పే హక్కే గాని ఆపే హక్కు లేదు. రామలింగారెడ్డి వేపచెట్టు నీడన కుర్చీ వేసుకుని ఉన్నాడు. "దూరం జరుగు నాయనా, రాళ్ళు తగిలితే మాకు సెడ్డపేరు" అన్నాడు. నాగమ్మ జట్టు గుట్టకు ఆ పక్క నిలబడి చూస్తోంది. నన్ను జరిపించింది కూడా నాగమ్మే, చెయ్యి పట్టుకుని. మధ్యాహ్నానికి శిఖరం, వెనక వైపు, కెరటాలు తగిలిన వైపు అన్నీ ఒకే కుప్పగా వంకలో పడ్డాయి. దుమ్ము తగ్గాక కూలీలు వెళ్ళి ముక్కలు కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకది ఆ రోజు తిండి.

ఆ కంకరంతా రోడ్డు పక్కన కుప్పలు పోశారు. తరవాతి ఎన్నికల్లో ఊళ్ళో పార్టీలు మారి, రోడ్డు వేరే దారిన వెళ్ళింది. కుప్పల మీద జిల్లేడు మొలిచింది.

నన్ను ఖమ్మం బదిలీ చేశారు. ఆరేళ్ళ తరవాత జియాలజిస్టుగా ప్రమోషను మీద మళ్ళీ అనంతపురం వచ్చాను. చేరిన వారంలోనే నా బల్ల మీదకు ఒక ఉత్తర్వు వచ్చింది. చక్రాల గుట్టను రక్షిత భూగర్భ స్థలంగా ప్రకటించారు. నా పదకొండు పేజీల్లోని వాక్యాలే అందులో ఉన్నాయి, కామాలతో సహా. హద్దురాళ్ళు పాతించి, కంచె వేయించి, బోర్డు పెట్టించాల్సిన బాధ్యత నాది.

వెళ్ళి చూశాను. గుట్ట ఉన్న చోట పెద్ద గుంత. రెడ్డి లీజు పేరుతో మిగిలింది కూడా తవ్వుకుపోయి వదిలేశాడు. అయితే ఆ ఏడు పడ్డ కాస్త వానా ఆ గుంతలో నిలిచింది. ఊరి మేకలూ ఎద్దులూ అక్కడే నీళ్ళు తాగుతున్నాయి. బట్టలూ అక్కడే ఉతుక్కుంటున్నారు. వందకోట్ల ఏళ్ళ దిబ్బ పోయి ఒక కుంట మిగిలింది. ఊరికి అదీ మేలే.

రక్షించవలసిన వస్తువు ప్రస్తుతం లేదని, ఉత్తర్వు రద్దు చేయాలని రాశాను. కొత్త డిప్యూటీ డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. లేదని రాస్తే ఎప్పుడు పోయిందని అడుగుతారు, ఎవరి హయాంలో పోయిందని అడుగుతారు, రెవెన్యూ వాళ్ళూ ఇంజనీర్లూ మనమీదకు తోస్తారు అన్నారు. ఉత్తర్వులో ఏముందో అది చేయమన్నారు. కనీసం గుంతను హద్దు బయట వదిలేద్దామని చూశాను. కుదరలేదు. ఉత్తర్వు సర్వే నంబరు మొత్తానికి ఇచ్చారు. గుంతే ఆ సర్వే నంబరు.

ముళ్ళకంచె వేశాం. బోర్డు పెట్టాం. లోపలికి పశువులను తోలరాదు, రాళ్ళు తీయరాదు. కావలికి పెట్టిన మనిషి రామలింగారెడ్డి దగ్గర పనిచేసినవాడే.

నాగమ్మ జుట్టు నెరిసింది. కంచె అవతల మేకలతో నిలబడి నన్ను గుర్తుపట్టింది.

"రాయి ఉన్నపుడు కంచె రాలేదు. నీళ్ళొచ్చినాంక వచ్చె" అంది. మేకలను అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

వేసవిలో ఎవరో కంచె కోసి పశువులను లోపలికి తోలారు. కావలివాడు ఇద్దరి పేర్లు రాయించాడు. వారిలో ఒకడు నాగమ్మ కొడుకు ఓబులేసు. తాడిపత్రి కోర్టులో శాఖ తరఫున సాక్షిగా నన్నే పిలిచారు. అక్కడ కాపాడవలసింది ఏమీ మిగల్లేదని, ముద్దాయిల వల్ల శాస్త్రానికి ఏ నష్టమూ జరగలేదని చెప్పాను. మేజిస్ట్రేటు నెమ్మదిగానే విన్నాడు. విని, ఉత్తర్వు అమలులో ఉందా లేదా అని అడిగాడు.

ఉందన్నాను.

ఇద్దరికీ శిక్ష పడింది. చిన్నదే, కానీ పంట వేసే అదునులో జైల్లో ఉన్నారు. ఆ ఉత్తర్వు కింద నాకు తెలిసి శిక్ష పడింది ఆ ఇద్దరికే. కోర్టు మెట్ల దగ్గర నాగమ్మ ఉంది. నేను ఆగాను. ఆమె నా ముందునుంచే నడిచిపోయింది, ఆగలేదు.

ఆ తరవాత నేను మరి కొన్ని స్థలాలను కాపాడమని నివేదికలు రాశాను. ప్రతిదానిలోనూ ఒక పేరా చేర్చాను: ఈ స్థలం మీద బతికేవాళ్ళకు బదులుగా వేరే బతుకుతెరువు చూపించే మంజూరు ఇదే ఉత్తర్వులో ఉండాలి, వేరే ఫైలుగా వెళ్ళకూడదు, అది లేని పక్షంలో ఈ స్థలాన్ని రక్షితంగా ప్రకటించవద్దు. ఎర్రవంకపల్లె నాకు నేర్పింది అంతే. రెండూ వేర్వేరుగా వెళితే బదులు చేరదు, కంచె ఒక్కటే చేరుతుంది, అదీ కాపాడాల్సింది పోయాక. ఆ పేరాను పై కార్యాలయంలో చాలాసార్లు కొట్టేశారు. కొట్టేసినప్పుడల్లా, ఆ స్థలంలో హద్దురాళ్ళు పాతడానికి వేరేవాళ్ళను పంపమని రాసి, నేను వెళ్ళలేదు.